వాయిదా పడిన పుట్టువెంట్రుకలు

సాయితేజకు మూడో ఏడు నడుస్తున్నా పుట్టువెంట్రుకలు తీయించలేదు. జుట్టు మెడ దాటి వీపు మీదికి దిగింది. తల్లి స్వరూప రోజూ పొద్దున వాడికి రెండు జడలు వేసి రబ్బరు బ్యాండ్లు బిగించేది. వనపర్తి బస్టాండులో ముసలమ్మలు వాడి గడ్డం పట్టుకుని "బంగారు తల్లీ, ఎంత సక్కగున్నవే" అని ముద్దు చేసేవాళ్ళు. వాడు వాళ్ళ చెయ్యి తోసేసి, లేని మీసం మెలేసి, "నేను సాయితేజ" అని గంభీరంగా చెప్పేవాడు. దాంతో వాళ్ళకు ఇంకా ముద్దొచ్చి జడలు కూడా పట్టుకునేవాళ్ళు.

గుండు చేయించడం పెద్ద ఖర్చేమీ కాదు. ఖర్చంతా ఆ గుండు చూడటానికి వచ్చి భోజనం చేసేవాళ్ళది. వాడు పుట్టగానే ఒళ్ళు పచ్చబడి దవాఖానలో అద్దాలపెట్టెలో ఉన్నప్పుడు, ఇటిక్యాల దగ్గరి పల్లెలో ఉండే నాయనమ్మ కిష్టమ్మ గద్వాల జములమ్మకు మొక్కుకుంది. పిల్లవాడు క్షేమంగా ఇల్లు చేరితే పుట్టువెంట్రుకల నాడు పొట్టేలును ఇస్తానని, ఊరందరికీ దావత్ చేస్తానని. పిల్లవాడు వారంలో ఇల్లు చేరాడు. కిష్టమ్మ ఆ నెలలోనే ఒక గొర్రెపిల్లను కొని, మెడకు గంట కట్టి పెంచసాగింది. మాట ఇచ్చింది ఆమె. ఊరికి అన్నం పెట్టాల్సింది మాత్రం ఆమె కొడుకు కురుమూర్తి. కురుమూర్తి దగ్గర అప్పులు తప్ప వేరే ఆస్తి లేదు.

ఆ అప్పులు పెళ్ళితోనే మొదలయ్యాయి. కురుమూర్తి వనపర్తిలో ట్రాలీ ఆటో నడుపుతాడు. స్వరూపది నాగర్‌కర్నూల్. పెళ్ళికి ముందు ఫొటోగ్రాఫర్ జూరాల డ్యామ్ దగ్గర డ్రోన్ ఎగరేసి వీడియో తీద్దామంటే ఇద్దరూ సరేనన్నారు. ఆ వీడియోలో కురుమూర్తి నీళ్ళ పక్కన చేతులు చాచి పరుగెత్తుతూ ఉంటాడు. ప్రేమతో పరుగెత్తుతున్నాడని అప్పట్లో అందరూ అన్నారు. ఇప్పుడు చూస్తే వెనక నుంచి వడ్డీవాళ్ళు తరుముకొస్తున్నట్టు ఉంటుంది. పెళ్ళి తర్వాత ట్రాలీ ఆటో ఫైనాన్సు మీద వచ్చింది. ఆటో నడిపేవాడు ఆటోలోనే తిరిగితే ఏం బాగుంటుందని పాత బుల్లెట్ బండి ఒకటి వచ్చింది. ఆటో కిస్తు కట్టడానికి ఫోనులో యాప్ అప్పు, యాప్ వాళ్ళు ఫోనులోని నంబర్లన్నిటికీ ఫోన్లు చేసి పరువు తీస్తుంటే దాన్ని మూయడానికి నూటికి మూడు వడ్డీకి ఇంకో అప్పు. ఒక గుంత పూడ్చడానికి పక్కన రెండు గుంతలు తవ్వినట్టు వాళ్ళ సంసారం ఏపుగా పెరిగింది.

ఒకరోజు వనపర్తి కూరగాయల మార్కెట్లో ఉల్లిగడ్డ బస్తాలు ఎక్కించి కురుమూర్తి చాయ్ తాగడానికి పోయాడు. తిరిగొచ్చేసరికి బండి లేదు. కిస్తులు ఆగిపోయాయని ఫైనాన్సు మనుషులు మారు తాళంచెవితో నడుపుకుంటూ పోయారు. బస్తాల యజమాని మాసయ్య కురుమూర్తి కాలరు పట్టుకున్నాడు.

"నీ బండి పోతె పోనియ్యి. నా ఉల్లిగడ్డలు ఏం కిస్తు కట్టలేదని తీస్కపోయిండ్రు?" అని అడిగాడు.

ఇద్దరూ ఇంకో ఆటో ఎక్కి ఫైనాన్సు వాళ్ళ యార్డుకు పోయారు. వాళ్ళు ఉల్లిగడ్డలను వదిలారు, బండిని వదల్లేదు. పోయిన ఆటోకు, ఉల్లిగడ్డలు తిరిగొచ్చిన ఆటోకు కిరాయి కూడా కురుమూర్తే ఇచ్చుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి స్వరూప జొన్నరొట్టె చేస్తోంది. కురుమూర్తి గడప మీద కూచుని చెప్పులను తిరగేసి మరగేసి చూడసాగాడు.

"బండి పోయింది గద," అంది స్వరూప, పెనం మీది రొట్టెకు నీళ్ళు అద్దుతూ. "మాసయ్య పెండ్లాం ఫోన్ చేసి తిట్టింది."

"రెండు కిస్తులు కడ్తె ఇడుస్తరంట. స్వరూపా, ఒక మాట అడుగుత, కోపానికి రావద్దు. నీ పుస్తెలతాడు జర రెండు నెల్లు కుదువ పెడ్దమా?"

ఈ ఒక్క మాట కోసం కురుమూర్తి దారి పొడుగునా చచ్చి బతికాడు. స్వరూప పిండి చేతులు కడుక్కుని, తాడు తీసి అతని చేతిలో పెట్టింది. కురుమూర్తి దాన్ని కళ్ళకు అద్దుకున్నాడు.

"నీ అసొంటి దాన్ని ఇచ్చినందుకు ఆ దేవునికి..."

"నూటయాభై వస్తది," అంది స్వరూప.

"ఏంది?"

"అది బస్టాండు ముందట తోపుడుబండి మీద కొన్న, బావా. అసలుది పోయిన దసరా అయినంకనే కుదువ పెట్టిన."

"ఎందుకు?"

"అప్పుడు రెండు నెల్లు నీ బండి కిస్తు ఎవ్వరు అడగలే. యాదికున్నదా?"

కురుమూర్తికి బాగా గుర్తుంది. "కంప్యూటర్ల ఏదో తప్పు పడి మర్చిపోయిండ్రనుకున్న," అన్నాడు నెమ్మదిగా. "కురుమూర్తి స్వామి దయ అని గుట్టెక్కి కొబ్బరికాయ గూడ కొట్టొచ్చిన."

"తెల్సు. ఆ కొబ్బరితోనే తొక్కు నూరిన."

తన పేరున్న దేవుడు తన కోసం కంప్యూటర్లోకి దూరి లెక్క చెరిపేశాడని కురుమూర్తి ఇన్నాళ్ళూ నమ్మాడు. మాసయ్యతో సహా పదిమందికి ఆ మహిమ గురించి చెప్పాడు కూడా.

"ఇంక ఏమేమున్నయో అన్ని చెప్పు," అంది స్వరూప పెనం ముందు కూచుంటూ. "ఒక్కటి దాసినా ఇయ్యాల రొట్టె లేదు."

అతను ఒక్కొక్కటే చెప్పాడు. యాప్ అప్పు ఆమెకు తెలుసు. నూటికి మూడు ఆమె అనుమానించింది. చివరికి కురుమూర్తి గొంతు తగ్గించి, "మీ తమ్ముని కాడ ముప్పై వేలు," అన్నాడు.

పెనం మీద రొట్టె మాడింది.

"మా శ్రవణ్ కాడనా? అందుకేనా వాడు రెండుసార్లు నాగర్‌కర్నూల్ కెల్లి వచ్చి, ఏదో అడగబోయి, అడగలేక చాయ్ తాగి పోయిండు."

అన్నీ కలిపితే నాలుగు లక్షలకు కాస్త ఇటుగా తేలింది. ఆ మాట విని ఇద్దరూ కాసేపు నవ్వారు. అంత అప్పు పెద్ద పెద్ద మనుషులకు ఉండాలి గాని, రేకుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళకు ఉండటమేమిటి? నవ్వు ఆగాక స్వరూప ఏడ్చింది. కురుమూర్తి మాడిన రొట్టె తాను తిని, మంచిది ఆమెకు పెట్టాడు. ఆ పూటకు అతను చేయగలిగింది అదే.

మర్నాడే బుల్లెట్ అమ్మేశారు. కొన్నవాడు దాన్ని నడుపుకుంటూ మలుపు తిరిగేదాకా కురుమూర్తి రోడ్డు మీద నిలబడి చూశాడు. ఆ డబ్బుతో ట్రాలీ ఆటో యార్డు నుంచి బయటికొచ్చింది. ఇక నుంచి పైసలు తన చేతిలో ఉంటాయని స్వరూప చెప్పింది. కురుమూర్తి ఎదురు చెప్పలేదు. చెప్పే అర్హత కొబ్బరికాయతోనే పోయింది.

స్వరూప పోపులడబ్బా ఖాళీ చేసింది. జీలకర్ర, ఆవాలు, పసుపు ప్లాస్టిక్ కవర్లలోకి పోయాయి. డబ్బాలోని గిన్నెల్లో ఒకటి బండి కిస్తుకు, ఒకటి ఇంటి కిరాయికి, ఒకటి డీజిలుకు, ఒకటి పాలకు, నడిమి గిన్నె నూటికి మూడు వాడికి. రోజూ బండి మీద వచ్చింది, ఆమె చీరలకు ఫాల్స్ కుట్టి సంపాదించింది ఆ గిన్నెల్లో పడేది. ఒక గిన్నెలోది ఇంకో గిన్నెలోకి పోకూడదు. డీజిలు గిన్నె ఖాళీ అయితే ఆ పూట బండి మార్కెట్ దాటి పోకూడదు. ఎన్నిసార్లు కడిగినా డబ్బా వాసన పోలేదు. కిస్తు వసూలుకు వచ్చే చంద్రశేఖర్ నోట్లు లెక్కపెడుతూ ఆగిపోయేవాడు.

"వదినా, మీ పైసలు లెక్కపెడ్తుంటె ఆకలైతుంది నాకు," అనేవాడు.

ఆదివారం మటన్ పోయి గుడ్లు వచ్చాయి. తర్వాత ఒక గుడ్డు తగ్గింది. కురుమూర్తి సిగరెట్టు మానేశాడు, బీరు మానేశాడు. మానేయలేదని ఒకసారి వాసన చెప్తే, ఆ వారం అతని గుడ్డు సాయితేజకు పోయింది. ఊళ్ళ మధ్య పనులన్నీ స్వరూపకే వచ్చాయి, ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి. ఊళ్ళో నడుం నొప్పితో మంచం పట్టిన కురుమూర్తి అన్నకు మందులు తేవాలన్నా, బండి కాగితాల మీద జామీనుదారుడి సంతకం కోసం గద్వాల పోవాలన్నా ఆమే పోయేది. కురుమూర్తి ఇంట్లో కూచుని కొడుక్కి జడలు వేయడం నేర్చుకున్నాడు.

అన్నిటికంటే కష్టమైంది దావత్‌లు తప్పించుకోవడం. పాలమూరులో ఎవరి ఇంట్లో ఏం జరిగినా పిలుస్తారు. పిలిస్తే పోవాలి. పోతే చదివింపులు రాయించాలి. పుట్టినందుకు, చెవులు కుట్టినందుకు, ఇల్లు కట్టినందుకు, బోరులో నీళ్ళు పడ్డందుకు కూడా. ఆ ఏడాది బంధువుల ఇంట్లో జరిగిన ప్రతి శుభకార్యానికీ కురుమూర్తికి జ్వరం వచ్చింది. మొదట మామూలు జ్వరం. తర్వాత టైఫాయిడ్. ఒక పెళ్ళి మరీ దగ్గరివాళ్ళది కావడంతో డెంగీ దాకా పోవాల్సి వచ్చింది.

ఎండలు ముదిరిన మే నెలలో ఇక ఉండబట్టలేక కురుమూర్తి మేనత్త బత్తాయిలు తీసుకుని చూడటానికి వచ్చింది. కురుమూర్తి అప్పుడే సిమెంటు బస్తాలు దించి వచ్చి, బనియనుతో గోడకు ఆనుకుని సద్ది తింటున్నాడు. వాకిట్లో ఆమె గొంతు వినగానే స్వరూప అతన్ని మంచం మీదికి తోసి ఉన్నిదుప్పటి కప్పింది. మేనత్త మంచం పక్కన కూచుని ఎంతకీ లేవదు. లోపల కురుమూర్తి ఉడికిపోయాడు. ముఖం మీది సిమెంటు దుమ్ము చెమటకు తడిసి గట్టిపడసాగింది.

"చెమట్లు పోస్తున్నయి, జరం ఇడుస్తున్నది," అంది మేనత్త సంతోషంగా. తర్వాత అతని చెంప తడిమి, "రంగు మాత్రం మంచిగ లేదు పిల్లా. బూడిద తీరుగున్నడు," అంది.

ఆమె ఊరికి పోతూనే కిష్టమ్మకు విషయం చెప్పింది. మొక్కు తీర్చనందుకు జములమ్మ కోపం కొడుకు మీద పడిందని, ఇంకా ఆలస్యం చేస్తే మనిషి దక్కడని. మరుసటి పొద్దుకే కిష్టమ్మ వనపర్తి బస్సు దిగింది.

కిష్టమ్మ కౌలు పొలంలో పల్లికాయ పండించి, పెనిమిటి పోయాక ఇద్దరు కొడుకులను పెంచిన మనిషి. ఆమె ముందు అబద్ధం చెప్పడం కంటే అప్పు తీర్చడం తేలిక. వచ్చీరాగానే కొడుకు నుదురు ముట్టుకుంది.

"నీకు జరం లేదు, ఏం లేదు. దున్నపోతు తీరుగున్నవు. సరే, వచ్చే మంగళారం పిల్లోని వెంటికెలు తీయిద్దం. ఊర్ల అందరికి చెప్పిన. పొట్టేలు ఉన్నది. ఇంకొక రెండు కొను. టెంటు, బియ్యం, తాగెటోళ్ళకు తాగుడు నువ్వు చూస్కో."

కురుమూర్తి భార్య వైపు చూశాడు. ఊళ్ళో అతనంటే రెండు బండ్ల ఆసామి అని పేరు. ఆ పేరు తల్లి ముందు పోగొట్టుకోవడం అతనికి ఇష్టం లేదు. స్వరూపకు అలాంటి పేరేమీ లేదు. ఆమె అన్నీ చెప్పేసింది, యార్డు, బుల్లెట్, యాప్, నూటికి మూడు, అన్నీ. మెడలోది రోల్డుగోల్డని కూడా చెప్పింది.

కిష్టమ్మ మొదట నమ్మలేదు. తర్వాత కోడలిని తిట్టింది. తర్వాత డ్రోన్ అంటే ఏమిటో చెప్పించుకుని కొడుకును తిట్టింది. "గాలిల తిరిగే ఈగకు ముప్పై వేలు పోసిండ్రా?" అని రెండుసార్లు అడిగింది. కాని మొక్కు దగ్గర మాత్రం మెత్తబడలేదు.

"ఉన్నోళ్ళే మొక్కులు తీరుస్తరా? మా పెద్దలు అప్పు చేసి తీర్చిండ్రు. దేవత బాకీ ఉంచుకుంటరా ఎవరన్న?"

"అమ్మా, ఒక్క మాట," అన్నాడు కురుమూర్తి. "ఫైనాన్సోళ్ళు దినాం నాలుగుసార్లు ఫోన్ చేస్తుండ్రు. జములమ్మ ఒక్కసారన్న చేసిందా? ముందుగాల ఎవ్వరికి కట్టాలె చెప్పు."

కిష్టమ్మ చేతిలోని విసనకర్ర అతని నెత్తిన పడింది. సరిగ్గా అప్పుడే చంద్రశేఖర్ కిస్తు కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తల్లీకొడుకుల మధ్య దూరడం ఇష్టం లేక వెనక్కి తిరగబోయాడు.

"ఆగు నాయినా," అంది కిష్టమ్మ. "బండి గుంజుకపోయింది మీరేనా?"

"గుంజుకపోయేది వేరేవాళ్ళమ్మా. నేను ఉత్త వసూలు చేసేటోన్ని."

"మా మనుమనికి వెంటికెలు తీయాలె. జర రెండు నెల్లు ఆగుతరా?"

చంద్రశేఖర్ చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. స్వరూప మంచినీళ్ళు ఇస్తే తాగి, గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"నేను ఆపితె నా జీతం ఆగుతదమ్మా. నా బిడ్డకు చెవులు కుట్టిచ్చినప్పుడు ఊరందర్ని పిలిసి దావత్ ఇచ్చిన. లక్షన్నర తెచ్చిన. పాప ఇప్పుడు అయిదో తరగతి. చెవుల కమ్మలు గూడ యాడనో పడిపోయినయి. కిస్తు మాత్రం పోలే."

"నీ కిస్తు ఎవరు వసూలు చేస్తరు?" అని అడిగింది కిష్టమ్మ.

"మా ఆఫీసుల ఇంకొకడున్నడు. మంచోడే. నేనే వాన్ని చూస్తె తప్పుకొని తిరుగుత."

స్వరూప పోపులడబ్బా తెచ్చి కిస్తు లెక్కపెట్టి ఇచ్చింది. చంద్రశేఖర్ అందరికీ దండం పెట్టి పోయాడు. కిష్టమ్మ ఆ డబ్బాను చాలాసేపు చూసింది. పసుపు ఉండాల్సిన చోట పది రూపాయల నోట్లు ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే, పోయొస్తానని కూడా చెప్పకుండా ఊరి బస్సు ఎక్కింది.

మంగళవారం దగ్గర పడింది. అమ్మ ఊళ్ళో టెంటు మాట్లాడిందో, బియ్యం అప్పు తెచ్చిందోనని కురుమూర్తికి అన్నం సహించలేదు. ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. శుక్రవారం ఆమే చేసింది.

"రేపు బండి తీస్కొని రా. పొట్టేలును పెబ్బేరు సంతకు కొట్టుకపోవాలె."

"కొనడానికా?"

"అమ్మడానికి."

కురుమూర్తి ఫోనును చెవి నుంచి తీసి, అది తన తల్లి నంబరేనా అని చూసుకున్నాడు. "మరి జములమ్మ?"

"పోయి అడిగిన. పొద్దంతా గుడి ముందల కూసున్న. ఏం అన్లే. వద్దనుకుంటె ఏదో ఒక తీరుగ చెప్తుండె గద. మాట్లాడకుంటె ఒప్పుకున్నట్టే. ఊర్ల గూడ దావత్ లేదని చెప్పిన."

బక్రీద్ దగ్గరికొస్తోంది. పెబ్బేరు సంతలో కొనేవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. కిష్టమ్మ పొట్టేలు కొమ్ములు మెలితిరిగి, నడిస్తే వెనక దుమ్ము లేచేలా ఉంది. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక వ్యాపారి దాని నడుము పట్టి చూసి ముప్పై వేలన్నాడు.

"దీనికి పల్లిచెక్క పెట్టి పెంచిన," అంది కిష్టమ్మ. "నా కొడుక్కి గూడ అంత పెట్టలే. ఇంకొక మాట చెప్పు."

కురుమూర్తి ఆ మాటలో నిజం ఎంతో తెలిసినవాడిలా పక్కకు చూశాడు. బేరం ముప్పయ్యెనిమిది దగ్గర తెగింది. వ్యాపారి మనిషి తాడు పట్టుకోగానే పొట్టేలు కదల్లేదు. కిష్టమ్మ వైపే చూస్తూ నాలుగు కాళ్ళూ భూమిలో పాతింది. ఆమె దగ్గరికి పోయి మెడలో గంట విప్పి, వీపు మీద ఒక్కటి చరిచి, "పో," అంది. అది కదిలింది. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, సంతలో దుమ్ము ఎక్కువైందని ఎవరూ అడగకుండానే చెప్పింది.

వనపర్తికి వచ్చాక ఆమె డబ్బు కొడుక్కి ఇవ్వలేదు, స్వరూప ఒడిలో పెట్టింది.

"ముందుగాల తాడు ఇడిపించుకో. మెడల ఇత్తడి ఏస్కొని నా ఎంట గుడికి రావద్దు."

స్వరూప ఆ నోట్లను రెండు చేతులతో పట్టుకుంది. తాడు మళ్ళీ మెడలో పడుతుందంటే ఆమెకూ ఆశ లేకపోలేదు.

"తాడు మీద వడ్డీ తక్కువ, అత్తమ్మా," అంది చివరికి. "నూటికి మూడోనికి ఇస్తె వాని అప్పు సగానికి ఎక్కువ పోతది. తాడు యాడికి పోదు, వాళ్ళ బీరువల ఉంటది. ఇది నాకు బరువు గూడ లేదు."

కిష్టమ్మ ముఖం ఎర్రబడింది. తాను పెంచిన పొట్టేలు, తాను చెప్పిన మాట, రెండూ పోయాయి. కురుమూర్తి మెల్లగా తలుపు వైపు జరిగాడు. కాని కిష్టమ్మ కోడలిని కింది నుంచి పైదాకా చూసి, "నీ మొగనికి గీ లెక్క తెల్సుంటె ఈగను ఎగరేస్తుండెనా," అంది. అంతటితో ఆ పంచాయితీ తెగింది.

మంగళవారం నాడు గద్వాల జములమ్మ గుడికి అయిదుగురే పోయారు. భార్యాభర్తలు, పిల్లవాడు, కిష్టమ్మ, మేనమామ హోదాలో మొదటి కత్తెర వేయడానికి నాగర్‌కర్నూల్ నుంచి వచ్చిన శ్రవణ్ కుమార్. అతను ఒక చేతిలో మేనల్లుడికి కొన్న చొక్కా, ఇంకో చేతిలో కొబ్బరికాయ పట్టుకుని బస్సు దిగాడు. కురుమూర్తి అతన్ని పక్కకు తీసుకుపోయాడు.

"బామ్మర్దీ, నీ పైసలు..."

"జర ఆగు బావా, ముందు ఈ కాయ కొట్టొస్త."

"నువ్వేం మొక్కుకున్నవు?"

శ్రవణ్ అక్క వినడం లేదు గదా అని చూసుకుని చెప్పాడు. "మూడొందల మంది ముందట మేనమామ అంటె ఉంగరం పెట్టాలె, మీ అందరికి బట్టలు పెట్టాలె. ఈ దావత్ ఆగిపోతె కొబ్బరికాయ కొడ్తనని అనుకున్న."

కురుమూర్తి "రెండు తేకపోయినవా," అన్నాడు.

కిష్టమ్మ సంకలో పొట్టేలుకు బదులు ఒక కోడిపుంజు ఉంది. ఆమె అమ్మవారి ముందు నిలబడి, ఇంటి పక్కనున్న మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది.

"తల్లీ, పొట్టేలు అన్న, కోడి తెచ్చిన. నీకు తెల్వంది ఏం లేదు. మిగిలింది కిస్తులల్ల ఇస్తం. వడ్డీ అడగకు."

శ్రవణ్ మొదటి కత్తెర వేశాడు. తర్వాత కత్తి పడేసరికి సాయితేజ గుడి ప్రాంగణం అదిరేలా ఏడ్చాడు. గుండు పూర్తయ్యాక చేత్తో తడుముకుని, జడలు ఎక్కడని తండ్రిని అడిగాడు. అమ్మవారికి ఇచ్చామని కురుమూర్తి చెప్తే, వాడు గర్భగుడి వైపు అనుమానంగా చూశాడు. తర్వాత చెట్టు కింద రాళ్ళపొయ్యి పెట్టి కోడిని వండారు. అయిదుగురికి ఒక కోడి ఏ మూలకూ రాలేదు. అయినా కిష్టమ్మ మొదటి ముక్క కోడలికి వేసింది.

దావత్ మానుకున్నారని చుట్టాల ఫోన్లు అప్పటికే మొదలయ్యాయి. మేనత్తయితే, జ్వరం మనిషిని చూడటానికి తాను తెచ్చిన బత్తాయిల సంగతి కూడా ఎత్తింది. కిష్టమ్మ ఫోను తీసుకుని, "అందరికి పెట్టెటంత ఉంటె మేము తినకుంటిమా," అని పెట్టేసింది.

శ్రవణ్‌ను బస్సు ఎక్కించి తిరుగుముఖం పట్టబోతుంటే గద్వాల పాత బస్టాండు దగ్గర ఒక బడిపంతులుగారు చెయ్యెత్తి బండి ఆపారు. ఆయనకు వనపర్తికి బదిలీ అయింది. మాట్లాడుకున్న బండివాడు రాలేదు. డబుల్ కాట్ మంచం, పరుపు, కూలర్, బీరువా రోడ్డు మీద ఉన్నాయి.

"ఇయ్యాల కాదు సారూ, మొక్కుకు వచ్చినం," అన్నాడు కురుమూర్తి. పండుగ పూట కిరాయి మాట్లాడటం తల్లికి నచ్చదని అతని భయం. "అమ్మ ఉన్నది ఎనక."

కిష్టమ్మ అప్పటికే ట్రాలీ దిగి బీరువాను చుట్టి చూస్తోంది. "ఎంతిస్తవు సారూ?"

పంతులుగారు పన్నెండు వందలన్నారు.

"ఇంత సామానుకా? నా కొడుకుది అసలే జరం మనిషి. డెంగీ వచ్చి లేసిండు. రెండు వేలు ఇయ్యి, ఎక్కించుడు గూడ మాదే."

కురుమూర్తి తనకు తెలియకుండానే దగ్గాడు. పదిహేడు వందలకు కుదిరింది. సామాను ఎక్కించాక కూచోవడానికి చోటు లేదు. కిష్టమ్మ మంచం మీద పరుపు సరిచేయించి, దాని మీద కాళ్ళు చాచుకుని, గుండు మనవడిని పక్కలో వేసుకుంది. పంతులుగారు వెనక స్కూటరు మీద వస్తానన్నారు.

ఊరు దాటి గాలి చల్లబడ్డాక స్వరూప ముందు సీట్లో వేళ్ళ మీద లెక్క వేసింది. నూటికి మూడు వాడిది దసరా నాటికి పోతుంది. శ్రవణ్‌ది నెలకు కొంచెం. యాప్ వాళ్ళది అయిపోయింది. బండి కిస్తులు ఇంకా ఏడాదిన్నర. చివరికి తాడు.

"అన్ని అయిపోయినంక ఏం చేద్దమే?" అని అడిగాడు కురుమూర్తి.

స్వరూప చాలా సేపు ఆలోచించింది. చీర అంటుందేమో, బుల్లెట్ అంటుందేమో అని అతను ఎదురుచూశాడు.

"ఒక్కదినం పొద్దెక్కేదాక పండుకుందం," అంది. "ఫోన్ల సప్పుడు లేకుండ."

వెనక నుంచి పంతులుగారి స్కూటరు హారన్ ఆగకుండా మోగుతోంది. ఆయన ఒక చెయ్యి వదిలి, తన కొత్త పరుపు మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్న ముసలమ్మను, ఆమె పక్కన చెప్పులతో ఎగురుతున్న పిల్లవాడిని చూపిస్తున్నారు. తొందరగా పొమ్మంటున్నారనుకుని కురుమూర్తి చెయ్యి ఊపి, గేరు మార్చి, బండి వేగం పెంచాడు.